గోపన్న పెట్టుకోని ఫ్లెక్సీ

తల్లాడ సెంటర్లో ఆ ఫ్లెక్సీ చూడనివాళ్లు ఈపాటికి ఎవరూ మిగిలి ఉండరు. సెంటర్‌కు రానివాళ్ల ఫోన్లలోకి అదే వచ్చి కూర్చుంది. ‘మా అమ్మకాల్లో కొంత భాగం స్వచ్ఛంద సంస్థలకు’ అని ఎర్రటి అక్షరాలు. ఎంత భాగమో లేదు. ఏ సంస్థలకో లేదు. ఎప్పటి నుంచి ఎప్పటి దాకానో అసలే లేదు. ఉన్నదల్లా చేతులు జోడించిన యజమాని, ఆయన నెత్తి మీద వరసగా నాయకుల తలకాయలు, కింద పొగలు కక్కుతున్న దమ్ బిర్యానీ. హోటల్ పేరు ఇక్కడ రాయడం అనవసరం. వచ్చే నెలకల్లా వైరా నుంచి సత్తుపల్లి దాకా ప్రతి హోటల్ ముందూ ఇలాంటిదే ఒకటి లేస్తుంది. అప్పుడు పేర్లన్నీ రాయడానికి పేపర్లో చోటు చాలదు.

యజమాని ఏదో కొత్త విద్య కనిపెట్టానని అనుకుంటున్నట్టున్నాడు. ఖమ్మం నుంచి వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం, పాల్వంచ దాటి భద్రాచలం పోయే ఈ దారిలో ఆ విద్యను మూడు శతాబ్దాల కిందటే ఒకాయన ప్రయోగించి చూశాడు. పేరు కంచర్ల గోపన్న. సొంతూరు ఈ ఖమ్మం జిల్లాలోదే, నేలకొండపల్లి. కొలువు పాల్వంచ పరగణా తహసీల్దారీ. ఆయన కౌంటర్లో బిర్యానీ లేదు గానీ వసూళ్లకు కొదవ లేదు. ఆ వసూళ్లతో భద్రగిరి మీద రాముడికి గుడి కట్టించాడు. తర్వాతి సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు: గోల్కొండ కోటలో చెరసాల, లోకం చెప్పుకునే లెక్కలో పన్నెండేళ్లు.

ఈ హోటలాయనకేమో నాయకులు హోటల్ ముందు ఫొటోకు నిలబడి కప్పిన శాలువా, గోపన్నకేమో సంకెళ్లు. తేడా ఎక్కడొచ్చింది?

గోపన్నకు మంచి ఫ్లెక్సీ డిజైనరు దొరకలేదు. అంతే.

దొరికి ఉంటే మొట్టమొదట గుడినే వద్దనేవాడు. ‘‘తహసీల్దారు గారూ, రాయి మీద రాయి కనబడుతుంటే ఎంత ఖర్చయిందో దారిన పోయేవాడు కూడా లెక్కగడతాడండీ. ‘భద్రగిరి పరిసరాల్లో సేవా కార్యక్రమాలు’ అని రాయించండి చాలు. ఏ నవాబొచ్చి కొలుస్తాడు? ఇక మొత్తం ఊడ్చి పెట్టడమేమిటి, మతి ఉండే చేశారా? కొంత భాగం అనండి. ఆ కొంత ఎంతో మీకూ నాకూ తెలియకపోతేనే మంచిది. పైగా మీ బొమ్మ మరీ చిన్నదైపోయింది.’’

ముఖ్య అతిథి విషయంలో కూడా గోపన్న దెబ్బతిన్నాడు. 1672లో గద్దెనెక్కిన అబుల్ హసన్ తానీషాను పల్లకీ పంపి పిలిపించి, రిబ్బను కత్తిరింపజేసి, ఫ్లెక్సీలో ఆయన బొమ్మను రాముడి బొమ్మకన్నా కాస్త పెద్దగా వేయించి ఉంటే కథే వేరు. తానీషా మంత్రులు అక్కన్న, మాదన్నలు గోపన్నకు మేనమామలే. చెరో పక్కన నిలబెడితే నిండుదనం వచ్చేది. గుడి పేరు మీద ఒక 80జీ రసీదు పుట్టించుకుంటే విరాళంలో సగానికి ఆదాయపు పన్ను మినహాయింపు కూడా అడిగేవాడు. పన్ను వసూలు చేసేదీ తనే కాబట్టి దరఖాస్తు పెట్టేదీ, మంజూరు చేసేదీ ఒకే చేయి.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు ఆయన జైల్లో చేశాడు. ఊరికే ఏడవక, కట్టించిన ప్రాకారం దగ్గర నుంచి సీతమ్మ పతకం, రాముడి తురాయి దాకా, ఎవరెవరికి ఏమేం చేయించాడో ఒక్కొక్కటే చెప్పుకుంటూ కీర్తన కట్టాడు. తెలుగువాళ్లు దాన్ని భక్తి అనుకుని ముచ్చటగా పాడుకుంటున్నారు గానీ, ఆడిటర్లు వింటే కళ్లనీళ్లు పెట్టుకుంటారు. పద్దు వారీగా, లబ్ధిదారుల పేర్లతో సహా ఖర్చుల వివరం! దాత అన్నవాడు ఇలా బయటపడొచ్చా? తల్లాడ హోటల్ వారికి ఆ బెంగ లేదు. వాళ్ల కీర్తనలో పల్లవి ఒక్కటే ఉంది, చరణాలు లేవు.

నిజం చెప్పుకోవాలంటే తానీషా చేసింది మరీ అన్యాయమేం కాదు. ఆ డబ్బు గోపన్నది కాదు. ఎండలో దున్నినవాడు చెమటోడ్చి కట్టిన శిస్తు. ఖజానాకు రావలసింది రాలేదు, వచ్చి లెక్క చెప్పమన్నాడు రాజు. కొరడాలతో కొట్టించడం దుర్మార్గమే గానీ అడగడం తప్పెలా అవుతుంది? ఇక్కడా అంతే కదా. బిర్యానీ డబ్బు తిన్నవాడి జేబులోంచి వచ్చింది. పత్తి బస్తాలు మార్కెట్లో దించి ఆకలితో వచ్చిన రైతు, భద్రాచలం దర్శనానికి పోతూ బస్సు ఆగినప్పుడు నాలుగు ముద్దలు తిన్న కుటుంబం, ఆయిల్‌పామ్ గెలల లారీ డ్రైవరు. దాతలు వీళ్లు. ఫ్లెక్సీ మీద వీళ్లలో ఒక్కడి మొహమైనా లేదు.

కథలో ఇంకో ముక్క ఉంది, దాన్ని హరికథల్లో గబగబా దాటేస్తుంటారు. గోపన్న బాకీ తీర్చడానికి మారువేషాల్లో వచ్చిన రామలక్ష్మణులు, ఆరు లక్షల వరహాలు అంటారు, ఆ డబ్బు కుప్పపోసి ఊరికే వెళ్లిపోలేదు. తానీషా దగ్గర రసీదు రాయించుకున్నారు. దాన్ని తెచ్చి చెరసాలలో గోపన్న పక్కన పెట్టి మరీ మాయమయ్యారు. వైకుంఠం నుంచి దిగొచ్చినవాడు కూడా సొమ్ము ముట్టినట్టు కాగితం ఉండాల్సిందే అనుకున్నాడు. అదే మన హోటల్ కౌంటర్ దగ్గర నిలబడి, ‘‘పోయిన నెల ఎవరికి ఎంతిచ్చారన్నా?’’ అని అడిగి చూడండి. ‘‘ఏం తమ్ముడూ, మా మీద నమ్మకం లేదా?’’ అని ఎదురు ప్రశ్న వస్తుంది. వెంటనే సోంపు గిన్నె కూడా ముందుకు జరుగుతుంది.

పట్నాల్లో ఈ విద్య యాప్‌ల దాకా ఎక్కింది. అక్కడ దానం చేద్దామా వద్దా అని ఆలోచించే శ్రమ కూడా లేకుండా, బిల్లులో రూపాయో రెండో ముందే కలిసిపోయే ఏర్పాట్లు వచ్చాయి. వినియోగదారులు గోలపెట్టగా పెట్టగా కేంద్రం 2023 నవంబరు 30న ‘డార్క్ ప్యాటర్న్స్’ మీద మార్గదర్శకాలు నోటిఫై చేసింది. మొత్తం 13 రకాల మాయలు. కొనేవాడికి చెప్పకుండా బుట్టలోకి విరాళాన్ని తోసెయ్యడం అందులో ఒకటి. ‘దానధర్మాలు డబ్బున్నోళ్ల పని, నాకేం పట్టదు’ లాంటి మాట మీద నొక్కితే తప్ప విరాళం నుంచి బయటపడనివ్వకపోవడం ఇంకొకటి. అధికారులు ఎంత ఊహ చేసి రాశారో గానీ, ‘కొంత భాగం’ అనే పధ్నాలుగో రకం వాళ్లకు తట్టలేదు. అందులో బుట్టలోకి ఏమీ తొయ్యరు. బుట్టలోంచి ఏమైనా బయటికి పోయిందో లేదో చెప్పరు, అంతే.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లల్ని అడిగితే అక్కడి పద్ధతి చెబుతారు. చిపోట్లే అనే హోటళ్ల గొలుసు, బడికో ఆటల జట్టుకో నిధులు పోగుచేసే సాయంత్రం పెడితే, ఆ సంస్థ పేరు చెప్పి తిన్నవాళ్ల బిల్లుల్లో 25 శాతం దానికిస్తామని ముందే రాసిపెడుతుంది. పాల్ న్యూమన్ అనే సినిమా నటుడైతే 1982లో సలాడ్ డ్రెస్సింగ్ సీసాలు అమ్మే కంపెనీ పెట్టి, లాభం మొత్తం, అంటే నూటికి నూరు, దానానికే అన్నాడు. వాళ్లేమీ హరిశ్చంద్రులు కారు, జనం వస్తారనే చేశారు. కానీ అంకె వేశారు. గోపన్న అక్కడ పుట్టి ఉంటే తహసీల్దారీ మానేసి నేలకొండపల్లి పులిహోర సీసాల్లో పెట్టి అమ్ముకునేవాడు, జైలు తప్పేది.

మనకు అంకె వేయడం చేతకాక కాదు. ప్రభుత్వానికి బాగా చేతనవును. తల్లాడ నుంచి ఏన్కూరు దాటి అడవి అంచుకు పోతే, అక్కడి సర్కారు బడుల్లో ఒకటో తరగతి నుంచి అయిదో తరగతి పిల్లవాడి మధ్యాహ్న భోజనానికి రోజుకు 6 రూపాయల 78 పైసలు. పప్పు, కూరగాయలు, నూనె, పోపు, పొయ్యి కింద మంట, అన్నీ అందులోనే. బియ్యం మాత్రం విడిగా ఇస్తారు. ఆ 6.78 కూడా 2025 మే 1 నుంచి కేంద్రం 59 పైసలు పెంచితే వచ్చిన మొత్తం. 59 పైసలు! అందులో ఒక్క పచ్చిమిరపకాయ ఎక్కువ పడుతుందేమో. వండే మనిషికి కేంద్రం 2009లో ఖరారు చేసిన గౌరవ వేతనం నెలకు 1,000. అదీ ఏడాదిలో 10 నెలలకే. ఆ వెయ్యి ఇప్పటికీ వెయ్యే. తెలంగాణ ఇంకో 2,000 కలిపి 3,000 చేసింది.

సరే, తక్కువే. ఆ తక్కువైనా నెలనెలా ఇస్తారా అంటే అదీ లేదు. బిల్లులు నెలల తరబడి రావు. బిల్లు రాలేదని పిల్లలకు ఆకలి వాయిదా పడదు గనక ఆ ఆడవాళ్లు కిరాణా కొట్టుకు పోయి కందిపప్పు ఉద్దెర తెస్తారు, నూనె ఉద్దెర తెస్తారు, గుడ్ల వ్యాపారి దగ్గర మొహం చాటేస్తారు, మిత్తికి డబ్బు తెచ్చి మళ్లీ వండుతారు. ఖజానా సొమ్ము గుడికి పెట్టాడని ఒక మనిషిని పన్నెండేళ్లు చీకట్లో కూర్చోబెట్టారు. వీళ్లు ఖజానా పెట్టాల్సిన ఖర్చును తమ ఇంటి సొమ్ముతో, తమ పేరు మీద అప్పుతో పెడుతున్నారు. అందుకు ఎవరు జైలుకు పోవాలి? అడిగితే ‘ట్రెజరీలో ఉంది, వస్తుంది’ అంటారు. శ్రీరామనవమికి భద్రాచలం మిథిలా స్టేడియానికి ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు, పట్టువస్త్రాలు ముహూర్తానికి చేరిపోతాయి. తానీషా నాటి ఆనవాయితీ అని గొప్పగా చెప్పుకుంటారు. పోయిన టర్మ్‌లో పిల్లలు తిన్న పప్పుచారుకు చెల్లింపు ఏ ముహూర్తానికో ఏ పంతులూ చెప్పలేడు. తలకు మించిన అప్పుతో ఊరి పిల్లలకు అన్నం పెడుతున్న ఆ మనిషికి ఇన్నేళ్లలో ఒక్క శాలువా కప్పిన దిక్కు లేదు. సగం ప్లేటు బిర్యానీ ఖరీదు కూడా ఎవరికిచ్చాడో చెప్పనివాడికి మాత్రం పూలదండ తయారు!

ఆ హోటల్ ముందు ఫొటోకు నిలబడ్డ నాయకులు పాపం బిజీ మనుషులే. అయినా మండలంలో ఏ బడికి ఏ నెల నుంచి బిల్లు ఆగిందో ఎంఈఓ ఆఫీసుకు ఒక్క ఫోన్ కొడితే తెలుస్తుంది. యజమాని సంగతికొస్తే, శాతం ఎంతో ఫ్లెక్సీ మీద రాయించాలి, సంస్థ పేరు రాయించాలి, ఏ నెలకు ఆ నెల రసీదు కౌంటర్ వెనక గోడకు అంటించాలి. తగిన సంస్థ ఏదీ దొరకలేదంటారా, దగ్గర్లో ఏ బడి వెనక్కైనా నడిచి, వంటావిడ ఏ కొట్లో సామాను తెస్తుందో కనుక్కోండి. బాకీ ఎంతో, ఏ తారీఖు నుంచో ఆ షావుకారు పుస్తకంలో పైసలతో సహా రాసే ఉంటుంది.