పలుపు

ఇక్కడివాళ్లు నన్ను లీష్ అంటారు. మా పెద్దాయన మాత్రం పలుపు అంటారు. కాకినాడకి అవతల ఓ పల్లెటూళ్లో గేదెల పాక పక్కన పెరిగిన మనిషి. పశువు మెడకీ మనిషి చేతికీ మధ్య ఉండేదానికి ఆయన దగ్గర వేరే పేరు లేదు. ఆరడుగుల తోలుని నేను. ఒక కొసన చెయ్యి దూరే ఉచ్చు, రెండో కొసన ఇత్తడి కొక్కెం. తొమ్మిదేళ్లుగా ఆ ఉచ్చులో ఉన్నది ఆయన చెయ్యి, కొక్కేనికి ఉన్నది బెల్లం. బెల్లం అంటే మా గోల్డెన్ రిట్రీవర్. కొత్త బెల్లం రంగు కాబట్టి అమ్మగారు పెట్టిన పేరది.

పొద్దున్నే నడుస్తూ పెద్దాయన దాంతో చెప్పుకునే కబుర్లు నా మీదుగానే వెళ్తాయి. అలా తెలిసిందే ఈ కథంతా.

1972లో జిల్లా పరిషత్ హైస్కూల్లో టెన్త్ పాసైన రోజు సాయంత్రం, వాళ్ల నాన్న గేదెని కట్టేస్తూ, "ఇంకేం చేద్దామనిరా?" అని అడిగారట. పొలానికి మనిషి కావాలని ఇద్దరికీ తెలుసు. "చదువుకుంటాను నాన్నా" అన్నారట ఈయన. ఆయన ఇంకో మాట అనలేదు. పలుపు గుంజకి చుట్టి, ముడేసి, కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లిపోయారు. ఆ నెలలోనే అరెకరం అమ్మకానికి పెట్టారు. ఇంటరు, కాకినాడలో ఇంజనీరింగు, 1981లో అమెరికా, పెళ్లి, శాక్రమెంటోలో వంతెనల ఉద్యోగం. ఈ భాగాన్ని మా పెద్దాయన ఒక సందు చివరికొచ్చేలోపు చెప్పేస్తారు.

వంతెనల గురించైతే మాత్రం ఎంత దూరమైనా నడుస్తారు. 1971లో శాన్ ఫెర్నాండో భూకంపం తర్వాత కాలిఫోర్నియాలో పాత వంతెనలకి ఉక్కు తాళ్లు కట్టడం మొదలుపెట్టారు. వంతెన పలకలు రెండూ కలిసేచోట, భూమి ఊగినప్పుడు ఒకదాన్నుంచి ఒకటి విడిపోయి జారిపోకుండా. 1989 అక్టోబరు 17 సాయంత్రం ఇంకో భూకంపానికి ఓక్లాండ్‌లో రెండంతస్తుల సైప్రస్ వంతెన కూలి, అక్కడే 42 మంది పోయారు. పలకలు కట్టుకుంటే చాలదు, స్తంభాలకి బలం కావాలని ఆ రోజు అందరికీ తెలిసొచ్చింది. తర్వాతి ఏళ్లన్నీ ఆయనవి స్తంభాల చుట్టూ ఉక్కు తొడుగులు వేయించడంలోనే గడిచాయి. తాళ్ల సంగతి చెప్పేటప్పుడు ఆయన ఒక మాట దగ్గర ఆగుతారు. ఎండకి కాంక్రీటు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. అందుకని ఆ తాడుని బిగించి కట్టరు. లెక్కగట్టి కాస్త వదులు ఉంచుతారు.

2004లో కూతురు హైస్కూలు ముగించినప్పుడు ఆ లెక్క ఆయనకి గుర్తు రాలేదు. మెడిసిన్ చదవాలన్నారు. ఆ అమ్మాయి మాటలు రాని పిల్లలకి చదువు చెప్పే టీచరవుతానంది. పండక్కి ఇంటికొచ్చినా, ఇద్దరి మధ్యా అన్నం గిన్నె జరిపే మాటలే మిగిలాయట చాలా కాలం. ఇది చెప్పినప్పుడల్లా ఆయన పిడికిలి నా మీద బిగుస్తుంది. బెల్లం వెంటనే వెనక్కి తిరిగి చూస్తుంది.

2016లో ఆయన రిటైరయ్యారు. కూతురే ఏడాది నిండిన బెల్లాన్నీ, డబ్బాలో చుట్ట చుట్టిన నన్నూ పట్టుకొచ్చింది. "చేతిలో ఏదో ఒకటి ఉండకపోతే నువ్వుండలేవు నాన్నా" అంది. దేవుడి గది ఉన్న ఇంట్లో కుక్కేమిటి, వంటింటి గడప దాటడానికి వీల్లేదు అన్నారు అమ్మగారు. గడప అలాగే ఉంది. దానికి ఇవతల కూర్చునే బెల్లం ఆవిడ చేతి పెరుగన్నం తింటుంది.

శిక్షణ మొదటిరోజు ఆయన నన్ను పిడికిలికి రెండు చుట్లు చుట్టుకున్నారు. నేను తీగలా బిగుసుకుపోయాను, బెల్లం మెడ పైకెత్తి రొప్పింది. నేర్పే ఆవిడ వచ్చి ఒక చుట్టు విప్పింది, తర్వాత రెండోదీ విప్పింది. నడుం కిందికి వేలాడాను. "మీ కంగారంతా ఈ తోలు గుండా దానికి వెళ్తోంది. వదులు ఇవ్వండి" అంది. ఆ రాత్రి ఆయన కూతురికి ఫోన్ చేశారు. నేను తలుపు వెనక మేకుకి వేలాడుతున్నాను. "దానికి వదులివ్వాలంటమ్మా" అన్నారు. అవతల్నుంచి చాలాసేపు ఏమీ వినపడలేదు. ఫోన్ మాత్రం ఎవరూ పెట్టెయ్యలేదు.

2017లో, ఆసుపత్రుల్లో రోగుల్ని పలకరించడానికి వెళ్లే కుక్కలకి పెట్టే పరీక్ష పాసయ్యాం. వెనక పెద్ద చప్పుడు, పక్కనే ఇద్దరు గట్టిగా పోట్లాడుకోవడం, తెలియని మనుషులు గుమిగూడి ఒకేసారి నిమరడం, నేలమీద బొమ్మ ఉన్నా వదిలేసి రావడం. పరీక్ష కుక్కకొక్కదానికే కాదు, ఇద్దరికీ కలిపి. రెండేళ్లకోసారి మళ్లీ పెడతారు. ఆసుపత్రికి వెళ్లేముందు బెల్లానికి స్నానం చేయించాలి, రెండు గంటలకి మించి ఉండకూడదు, నన్ను ఒక్క క్షణం కూడా చేతిలోంచి వదలకూడదు.

ఆసుపత్రిలో పక్షవాతం వచ్చి కోలుకుంటున్న ఒక లారీ డ్రైవరుండేవాడు. కుడి చెయ్యి ఒళ్లో పడుంటుంది, ఎవరితోనూ మాట్లాడడు. ఫిజియోథెరపీ అమ్మాయి అడిగితే, పెద్దాయన బెల్లాన్ని ఇంకో పలుపుతో పట్టుకుని నన్ను అతని చేతిలో పెట్టారు. నా కొక్కేనికి చిన్న మీట ఉంటుంది. బొటనవేలితో దాన్ని వెనక్కి లాగితే నోరు తెరుచుకుంటుంది. ఆ వేలు నా ఇత్తడి మీద చెమటగా జారింది. మీట సగం కదిలి వెనక్కి కొట్టుకుంది. మొదటివారం అంతే. రెండోవారం కూడా అంతే. బెల్లం గడ్డం అతని మోకాలి మీద ఆనించి కదలకుండా కూర్చునేది. నాలుగోవారం గోరు తెల్లబడేదాకా నొక్కాడు, నా నోరు తెరుచుకుంది. పట్టెడ రింగు దొరికింది. టక్. "నువ్వు నా కుక్కవిప్పుడు" అన్నాడు ముద్దముద్దగా. ఆ అమ్మాయి మొహం పక్కకి తిప్పుకుంది. కారు దాకా మా పెద్దాయన చెయ్యి వణుకుతూనే ఉంది.

ఆ సంగతి ఆయన మొట్టమొదట ఫోన్ చేసి చెప్పింది కూతురికి. ఆ అమ్మాయి తన క్లాసులో ఒక పిల్లాడు చొక్కా గుండీ పెట్టుకున్న సంగతి చెప్పింది. ఇద్దరూ గంటసేపు వేళ్ల గురించే మాట్లాడుకున్నారు.

ఇప్పుడు బెల్లానికి పదేళ్లు. మెట్లెక్కితే వెనక కాళ్లు తడబడుతున్నాయి. ఈసారి పరీక్షకి వద్దని డాక్టరూ పెద్దాయనా కలిసే అనుకున్నారు. సోమవారం స్నానం లేదు, ఆసుపత్రి బ్యాడ్జీ సొరుగులోనే ఉండిపోయింది. తొమ్మిదయ్యేసరికి అది నెమ్మదిగా వచ్చి, తలుపు వెనక సరిగ్గా నా కింద కూర్చుంది. పెద్దాయన కాసేపు చూసి నన్ను మేకు మీంచి తీశారు.

"పద, ఊరికే."

వీధి మలుపులో పోస్టు డబ్బా దాకా వెళ్లొచ్చాం. బెల్లం ముందు నడిచింది, దాని వేగంతోనే ఆయన. దారి పొడుగునా నేను ఇద్దరి మధ్యా వేలాడుతూనే ఉన్నాను, ఒక్కసారి కూడా బిగియలేదు.