డోరు దిగిపోయింది మాస్టారూ!

మా అంబాసిడర్‌కి డ్రైవరు పక్క డోరు వేయాలంటే ఒక పద్ధతి ఉండేది. కుడిచేత్తో హ్యాండిలు పట్టుకుని, ఎడమ అరచెయ్యి డోరు కింద అంచుకు ఆనించి, నడుం వంచి, కాస్త పైకెత్తి, అప్పుడు తోయాలి. ఎత్తకుండా తోశారా, లాకు స్ట్రైకరు మీద పడక కింద కొట్టుకుని, డోరు మళ్లీ మీ పొట్టలోకే వచ్చేది. ఈ విద్యను చుట్టపక్కాలందరికీ ఓపిగ్గా నేర్పాను. మా అల్లుడుగారు మాత్రం నా పాఠం సాంతం విని, మారు మాట్లాడకుండా ఎడమ డోరు తీసుకుని ఎక్కి, సీటు మీద జరుక్కుంటూ స్టీరింగు దగ్గరికి చేరుకున్నారు. పాత అంబాసిడర్‌లో ముందు సీటు ఒకటే బల్లలా ఉంటుంది, గేరు కర్ర స్టీరింగు దగ్గరే ఉంటుంది గనక అలా జరగడానికి వీలుంది. ఇప్పటి కార్లలో అయితే గేరు రాడ్డు ఊరుకోదు.

"పండక్కి పిలిచి అల్లుడిచేత డోరు మోయించాలని ఎలా అనిపించిందండీ మీకు?" అంది మా ఆవిడ.

ఆ మాట అనే హక్కు ఆవిడకు లేదని నా ఉద్దేశం. ఎందుకంటే డోరు పాడవడానికి కారణం ఆవిడేనని నేను ఎప్పుడో తేల్చేశాను. డోరు ధడాలున వేస్తుంది. ఆవిడ కూచునేది ఎడమ పక్క కదా, దిగిపోయింది కుడిపక్క డోరు కదా అని మీకు అనుమానం రావచ్చు. ఆవిడకూ వచ్చింది. ఆ అదురు బాడీ గుండా ప్రయాణించి ఇవతలి కీళ్లను వదులు చేస్తుందని వివరించాను. రిటైరయ్యేదాకా ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి, నోటికి వచ్చిన దాన్ని సిద్ధాంతంగా మార్చడం నాకు కష్టమేం కాదు.

కారు ఆవిడ పుట్టింటిది. మా మామగారు కొన్న 1988 మోడలు మార్క్ 4, 1489 సీసీ పెట్రోలు ఇంజను. 2014లో ఉత్తరపారా ఫ్యాక్టరీలో వీటి తయారీ ఆగిపోయింది. 2017లో అంబాసిడర్ అన్న పేరును మాత్రం ఒక ఫ్రెంచి కంపెనీ 80 కోట్లకు కొనుక్కుంది. ఉత్త పేరే అంత పలికితే ఒంటి నిండా ఇనుమున్న కారు ఎంత పలకాలి అని పేపరు పక్కన పెట్టి లెక్కలు వేశాను. పాత సామాన్లు కొనే అతను వచ్చి, దిగిపోయిన డోరు ఒకసారి ఎత్తి చూసి, "బరువు బాగానే ఉంది సార్" అన్నాడు. ఆ బేరం అక్కడితో ఆగింది.

మెకానిక్‌కి డబ్బులు పోయడం దేనికని నేనే పూనుకున్నాను. లాకు స్ట్రైకరు కంటే కిందికి ఉంది, అంతేగా? స్ట్రైకరు మరలు వదులు చేసి, దాన్నే కాస్త కిందికి దించి బిగించాను. డోరు ఎత్తకుండానే పడింది! మా ఆవిడను పిలిచి వేసి చూపించాను, తీసి మళ్లీ వేసి చూపించాను. ఆవిడ పొయ్యి మీద పాలున్నాయని వెళ్లిపోయింది.

మొదటి వానకు నా కుడి భుజం తడిసింది. డోరు వెనక అంచు కిందికి వాలడంతో పైన ఫ్రేముకీ రబ్బరు బీడింగుకీ సందు వచ్చిందన్నమాట. కనకదుర్గ ఫ్లైఓవరు మీద ఆ సందులోంచి గాలి ఈల వేసేది. కింద అంచు గడప మీద రాసుకుని రంగు లేచిపోయి రేకు కనబడసాగింది. నేను స్ట్రైకరును ఇంకాస్త దించాను. డోరు ఇంకాస్త దిగింది. చివరికి దించడానికి స్ట్రైకరుకు చోటు లేకుండా పోయింది.

ఆటోనగర్ మేస్త్రి లాకు వంక చూడనైనా చూడలేదు. డోరు సగం తెరిచి, వెనక అంచు కింద రెండు చేతులూ పెట్టి, నా వేలు పై కీలు మీద పెట్టమని చెప్పి ఎత్తాడు. వేలికి టక్‌మని తగిలింది. దించాడు, మళ్లీ టక్.

"పైది పోయింది మాస్టారూ. పిన్ను అరిగింది. కీలు గట్టిగా ఉండి పిల్లరే కదిలిందనుకోండి, లోపల తుప్పు పట్టినట్టు, వెల్డింగు దాకా పోతుంది. మీ అదృష్టం బావుంది."

డోరు కింద జాకీ పెట్టి, దాని మీద చెక్క, చెక్క మీద గోనెగుడ్డ వేసి బరువు ఆనించాడు. కీలు చుట్టూ గీత గీసుకుని మరీ మరలు విప్పాడు, తిరిగి అక్కడే కూచోబెట్టడానికి. పిన్ను ఊడగొట్టి నా చేతిలో పెట్టాడు. ఒకపక్క గుండ్రంగా, నల్లగా, పాత గ్రీజుతో ఉంది. రెండోపక్క గంధపుచెక్కలా ఏటవాలుగా అరిగి తళతళలాడుతోంది. అది తిరిగే బెజ్జం కోలగా సాగిపోయింది. పక్క సందులో లేతు షాపతను బెజ్జాన్ని గుండ్రంగా తొలిచి, ఇత్తడి బుష్ దిగేసి, దానికి సరిపోయే కొత్త పిన్ను చేసిచ్చాడు. కీళ్లు బిగించి, డోరు చుట్టూ సందు సమంగా వచ్చిందని చూసుకున్నాక, అన్నిటికంటే చివర్న మేస్త్రి స్ట్రైకరు దగ్గరికి వచ్చాడు.

"దీన్ని ఎవడండీ కెలికింది?"

"ఎవరో మెకానిక్ అండీ, గుంటూరులో" అన్నాను. కారులో కూచున్న మా ఆవిడకు దగ్గు వచ్చింది.

"మిగతా మూడు డోర్లూ రాయిలా ఉన్నాయి. ఇదొక్కటే ఎందుకు పోయినట్టు? దిగేటప్పుడు డోరు పట్టుకుని లేస్తారా మాస్టారూ?"

"అబ్బే, లేదండీ."

"లేవరండీ," అంది మా ఆవిడ కారులోంచి, "వేలాడతారు."

తిరిగొస్తుంటే దారంతా వద్దన్నా లెక్క మనసులో నడిచింది. కీళ్ల నుంచి నేను పట్టుకునే అంచు 80 సెంటీమీటర్లు అనుకుందాం. రెండు కీళ్ల మధ్య దూరం 40. మోకాళ్లు సహకరించక నా ఒంట్లోంచి 30 కిలోలే ఆ అంచుకు అప్పగించినా, పై కీలును బయటికి లాగే బలం 60 కిలోల బరువంత. దిగిన ప్రతిసారీ. దీన్నే బలభ్రామకం అంటారని ఏటేటా నల్లబల్ల మీద బొమ్మ వేసి మరీ చెప్పాను. ఆ బొమ్మలో కూడా ఉండేది తలుపే. దానికి వేలాడే లెక్చరర్ని గీయలేదంతే.

ఇంటి ముందు కారు ఆపాను. డోరు ముట్టుకోకుండా, రెండు కాళ్లూ ముందు బయట పెట్టి, సీటు అంచు మీద చేతులు ఊనుకుని లేచాను. ఆవిడ పక్కనే నిలబడి చూసింది. తర్వాత లోపలికి పోకుండా మా వీధి గేటు దగ్గర ఆగింది. ఆ గేటు కూడా ఎప్పట్నుంచో నేల గీస్తోంది. పాలబ్బాయి సైకిలు కొట్టి కొట్టి పాడుచేశాడని వాడితో నేను గొడవ కూడా పెట్టుకున్నాను. సాయంత్రాలు దాని మీద మోచేతులు ఆనించి ఎదురింటాయనతో రాజకీయాలు మాట్లాడేది మాత్రం నేనే.

"ఒకసారి ఎత్తండి" అని ఆవిడ పై కీలు మీద వేలు పెట్టింది.

ఎత్తాను.

"పైది పోయింది మాస్టారూ" అంది.