బాతుదాసు

లోకము మఱచిన వస్తువును వెదకి వెదకి పట్టుకొని, దానిని లోకము మఱచినదే యని జీవితాంతము దుఃఖించుటయందు ఒక విలక్షణమైన సుఖము ననుభవించు జాతి మనలో అనాదిగా కలదు. వెనుకటి కాలమున ఈ జాతివారు అచ్చుమొగము చూడని శతక మొకదానిని చంకనిడుకొని తిరుగుచు, దాని కర్తను పెద్దనకంటె ఒక మెట్టు పైన కూర్చుండబెట్టినగాని మన యింట కాఫీ ముట్టెడివారు కారు. తరువాతి తరమున, ఏ సభవారును పిలువని గాయకుని గ్రామఫోను ప్లేటును పట్టుకొని వచ్చి, ఆ గరగరలో గాంధర్వమును వినుమని మన ప్రాణములు తీసిరి. ఇప్పుడు వీడియో గేములలో ప్రవేశించినారు. మా వీధిలోని బాతుదాసు ఈ మూడవ తరమువాడు.

అతనికి తల్లిదండ్రులు పెట్టిన పేరు వేఱొకటి కలదు గాని, అది కరెంటు బిల్లుమీద తప్ప మఱెచ్చటను వాడుకలో లేదు. వయస్సు నలుబదియైదు, ఉద్యోగము సాఫ్టువేరు, నివాసము హైదరాబాదు, ఇష్టదైవము స్క్రూజ్ మెక్‌డక్ అను బాతు. ఈ బాతును 1947లో కార్ల్ బార్క్స్ అను అమెరికా చిత్రకారుడు సృజించెను. జన్మచే స్కాట్లండు దేశీయుడు, ధనముచే కుబేరుడు, స్వభావముచే పిల్లికి బిచ్చము పెట్టని లుబ్ధుడు నైన ఈ పక్షిరాజము తన కోశాగారములోని బంగారు నాణెములలో మనము చెఱువులో మునిగినట్లు మునిగి స్నానము చేయును. 1987లో అతని కథలు ‘డక్ టేల్స్’ అను పేర టెలివిజను కెక్కినవి. ఆ తరువాతి దశకములో ఆదివారములనాడు మన దూరదర్శనములో హిందీ పలుకుట నేర్చినవి. గుంటూరులో అప్పుడు నిక్కరు తొడిగిన మన కథానాయకునకు ఆ హిందీలో పదింట ఒక మాటయు బోధపడలేదట. నాణెముల గలగల మాత్రము సంపూర్ణముగా బోధపడినదట.

ఈ బాతును నాయకునిగా చేసి జపానువారి క్యాప్‌కామ్ సంస్థ 1989లో ఒక ఆటను వెలువరించినది. చేతికఱ్ఱను కాళ్ల క్రింద నిలుపుకొని, దానిపై గంతులిడుచు, శత్రువుల తలలమీద దిగి వారిని మట్టుపెట్టుచు, అమెజాను అడవులనుండి చంద్రమండలమువఱకు ధనమేరుకొనుచు పోవుట అందలి ఇతివృత్తము. పదునాఱు లక్షల ప్రతులకు పైగా అమ్ముడైనది. చంద్రమండలమున వినవచ్చు సంగీతమును ఈనాటికిని వయొలిన్లమీదను గిటార్లమీదను వాయించువారు కలరు. ఇంతమంది యెఱిగిన ఆట గనుక, బాతుదాసునకు అది పనికిరాదు. అతని ఆరాధన యావత్తును 1993లో వచ్చిన రెండవ భాగమునకు అంకితము.

పాపము, ఆ రెండవ భాగము పుట్టిన ముహూర్తము మంచిది కాదు. ఈ ఆటలు నడచునట్టి, 1983లో జపానున జన్మించిన ఎనిమిది బిట్ల యంత్రమునకు అప్పటికే సాయంసంధ్య సమీపించినది; దాని తమ్ముడు పదునాఱు బిట్లవాడు 1991లోనే అమెరికా కేగి పిల్లల కన్నులను తనవైపు త్రిప్పుకొనెను. పెండ్లివారందఱు బస్సెక్కినపిదప వడ్డనకు వచ్చిన పాయసము నెవరు త్రాగుదురు? నయాగరా, బెర్ముడా, ఈజిప్టు, స్కాట్లండు, మునిగిపోయిన మూ ఖండము — ఇన్ని దేశములు తిరిగి చినిగిన పటము ముక్కలు ఏర్చి కూర్చిన గాని కనబడని గుప్తసీమ యొకటియు, చేతికఱ్ఱతో వస్తువులను లాగు నూతన విద్యయు, సంపాదించిన సొమ్మును ఖర్చుపెట్టుటకు ఒక దుకాణమును — అన్నియు నుండియు ఆ ఆట అంగళ్లలో బిక్కుబిక్కుమని నిలిచినది. ఇది వాస్తవమే, మంచి ఆటయే. ఈ మాట నేనన్నప్పుడు బాతుదాసు ముఖమున సంతోషమునకు మాఱుగా ఏదో అనుమానము పొడసూపుట నేను మొదట గమనింపలేదు.

అతడు ఈ ఆటను మొట్టమొదట చూచినది గుంటూరులో, గంటకింతయని పుచ్చుకొను వీడియో గేము దుకాణములో. ఆ రోజులలో మన బజారున దొరకెడివి అసలు యంత్రములు కావు, వాని నకళ్లు; వాని క్యాసెట్లపై వందల ఆటలున్నవని వ్రాసియుండును, లోపల చూడ పది ఆటలే పేర్లు మార్చుకొని మరల మరల వచ్చుచుండును. అట్టి సంతలో ఈ ఒక్క క్యాసెట్టు ఎట్లు వచ్చిపడినదో! పిల్లవాడు నయాగరా సగము దాటినాడో లేదో, కరెంటు పోయినది. గంట పూర్తియైనది. మఱునాటికి క్యాసెట్టు మాయమైనది. ముప్పది యేండ్ల అనురాగమునకు మూలధనము ఆ సగము నయాగరాయే.

ఇప్పుడతని యింట ఆ యాట అసలు క్యాసెట్టు కలదు. దానిని బీరువాలో పట్టుచీరల ప్రక్కన మఖమలు సంచిలో నుంచినాడు. బయటికి తీయుట ఒక తంతు. చేతులు కడుగుకొని, చెవిపుల్లకు దూదిచుట్టి స్పిరిట్టులో ముంచి, క్యాసెట్టు అంచున నుండు రాగిపండ్లను ఒక్కొక్కదానిని తుడుచును. ఒకనాడు, పూర్వాభ్యాసముచేత, నేను దానిని నోట ఊదబోతిని. “మాస్టారూ!” అని అతడు వేసిన కేకకు ప్రక్కయింటి కుక్క మొఱిగినది. ఊదినచో నోటితడి తగిలి రాగికి చిలుము పట్టుననియు, మన తరము బాల్యమంతయు ఊది ఊది ఆటలను చంపినదనియు అతడు చెప్పినపుడు, నేనేదో బ్రహ్మహత్య చేసినట్లు తల వంచుకొంటిని.

ఆట యొక్కటియే చాలదు. దానికి పాత గాజుగొట్టపు టీవీ కావలయును. కొత్త టీవీలలో మీట నొక్కుటకును బాతు ఎగురుటకును నడుమ రెప్పపాటులో ఎన్నవ వంతో ఆలస్యముండునట. ఆ ఎన్నవ వంతులోనే రసభంగమగునట. ఎఱ్ఱగడ్డ ఆదివారపు సంతలో నాలుగు వారములు తిరిగి, ముగ్గురు మోయదగిన టీవీ నొకదానిని కొనితెచ్చి, సోఫాను వరండాలోనికి వెడలగొట్టి దానిని ప్రతిష్ఠించినాడు. అతని యిల్లాలు మా యింటిదానితో చెప్పుకొన్న మాట యిది: “అక్కయ్యగారూ, అత్తగారి పోరు పడ్డాను, ఆడబిడ్డ పోరు పడ్డాను. బాతు పోరు ఉంటుందని మా వాళ్లు చెప్పలేదండీ.”

తెరమీద శత్రువులు గుమిగూడినపుడు బొమ్మలు మిణుకుమిణుకు మనును. ఒక గీతపై ఎనిమిది బొమ్మముక్కలకు మించి చూపుటకు ఆ యంత్రమునకు శక్తి చాలదు గనుక, మిగిలినవానిని వంతులవారీగా చూపుదురు. దరిద్రుని యింట ఒక్క పంచె నిద్దఱు అన్నదమ్ములు వంతులవారీగా కట్టుకొని విందునకు పోయినట్లన్నమాట. నాకది లోపముగా తోచినది. బాతుదాసున కందులో భావగర్భితమైన మౌనము తోచినది.

2013లో మొదటి ఆటను కొత్త బొమ్మలతో పునరుద్ధరించి, రెండవదానిని తాకకపోయినపుడు అతడు వారము రోజులు అన్నము సరిగా తినలేదు. అది న్యాయమే. కాని 2017లో రెండవ ఆటనుగూడ చేర్చి, ఆ కాలపు డిస్నీ ఆటలను ఆఱింటిని ఒక్క సంపుటముగా, సులభమైన వెలకు లోకమంతటికిని అందించినపుడు, నేను మిఠాయి పొట్లముతో అభినందింపబోయి చూతును గదా — అతడు మఱింత క్రుంగి కూర్చుండియుండెను. “వెనక్కి తిప్పుకునే మీట పెట్టారండి, మాస్టారూ! చచ్చిపోతే వెనక్కి తిప్పుకోవచ్చట! ఇక ప్రతివాడూ పూర్తిచేసేస్తాడు,” అని నిట్టూర్చినాడు. మీట సంగతి అట్లుండనిండు. ఆ “ప్రతివాడూ” అన్న పదమును అతడు పలికిన తీరు నేటికిని నా చెవిలో నున్నది. మిఠాయిలో సగము మాత్రము తిన్నాడు.

మొన్న దసరా సెలవులకు తొమ్మిదేండ్ల నా మనుమరాలు వచ్చినది. దానికి ఆ ఆటను చూపింపుమని బాతుదాసును కోరితిని. అతడు మొదట ముప్పావుగంటసేపు ఆట యొక్క చరిత్రను, ఉపేక్షను, విమర్శకుల అంధత్వమును ఉపన్యసించినాడు. పిల్ల రెండు పర్యాయములు ఆవులించి, కంట్రోలరు లాగుకొన్నది. మూడుమార్లు చచ్చినది. నాల్గవమారు కఱ్ఱపై గంతు పట్టుబడినది. అటుపిమ్మట ఆ బాతు నయాగరా రాళ్లపై టకటకమని ఎగురుట, ఎచ్చటనో దాగిన వజ్ర మొకటి బయటపడుట, పిల్ల సోఫాలేని ఆ గదిలో నేలమీద మోకాళ్లపై లేచి కేరింతలు కొట్టుట చూచి, ముప్పది యేండ్ల తపస్సు ఫలించినదిరా అని నేను బాతుదాసు భుజము తట్టితిని.

“అంకుల్, సూపర్‌గా ఉంది! స్కూలు తెరవగానే మా క్లాసులో అందరికీ చెప్తా. అందరం ఆడతాం!”

అతని ముఖము వివర్ణమైనది. టీవీ వంక చూచినాడు, నా వంక చూచినాడు. పిల్ల యెదుట గొంతుకూర్చుండి, “వద్దమ్మలూ, చెప్పకు. వాళ్లకి అర్థం కాదు తల్లీ,” అన్నాడు.

“ఎందుకు కాదు? చాలా ఈజీ, అంకుల్!”

మాఱు మాటాడక లోపలికి పోయి, ఫ్రిజ్జులో తనకై దాచుకొనిన విదేశపు చాక్లెట్టు నొకదానిని తెచ్చి, ఎవరికిని చెప్పనని ఒట్టు వేయుమనెను. నా మనుమరాలు చాక్లెట్టును త్రిప్పి త్రిప్పి చూచి, తన క్లాసులో ముప్పదియెనమండుగు రున్నారనియు, ఒక్క చాక్లెట్టునకు అంతమందికి చెప్పకుండుట కష్టమనియు సెలవిచ్చినది. అతడు మరల ఫ్రిజ్జు తెఱచినాడు.