ఎనిమిదో నంబరు కుంచె

నేను కుంచెను. ఎనిమిదో నంబరు, గుండ్రటి మొన. గాజువాకలో ఓ ఇంటి కిటికీ దగ్గర, అంచు విరిగిన గాజు గ్లాసులో తొమ్మిదేళ్లు నిలబడ్డాను. నా వెంట్రుకలు నడుమ వెన్న రంగు, కొసన ముదురు గోధుమ. 2010లో నన్ను కొన్నప్పుడు దుకాణంలో చెప్పింది ఒక్కటే మాట: "నీరు బాగా పట్టుద్దండీ." ఎవరి వెంట్రుకలో వాళ్లూ చెప్పలేదు, నన్ను కొన్నాయనా అడగలేదు.

ఆయనది ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. నలుగురిలో గొంతు పెగలదు. ఎగ్జిబిషన్‌లో తన బొమ్మ ముందు ఎవరైనా ఆగితే చాలు, స్తంభం చాటుకు పోయేవాడు. చెప్పాలనుకున్నదంతా నాచేతే చెప్పించేవాడు. కంబాలకొండ చుక్కల జింకల్ని గీశాం. జోడుగుళ్లపాలెం ఇసుకలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీ తాబేలును గీశాం.

ఒకసారి ఉక్కునగరం రోడ్డు దాటుతూ ఓ ముంగిస ఆగి, వెనక్కి తిరిగి చూసింది. ఆ చూపు కోసం మూడు రాత్రులు కూర్చున్నాడు. నన్ను గుడ్డకు అద్ది, నీరంతా తీసేసి, మొనను వేళ్లతో చీల్చి, ఆరీ ఆరని రంగుతో దాని వీపు మీద ఒక్కో వెంట్రుకా విడివిడిగా తేల్చాడు. నేనెంత చక్కగా కుదిరానో! ఎందుకు కుదరనూ, అవి నా వెంట్రుకలే.

2019లో పేపర్లో వార్త వచ్చింది. వన్యప్రాణి నేరాల నియంత్రణ బ్యూరో 'ఆపరేషన్ క్లీన్ ఆర్ట్' పేరుతో పలు రాష్ట్రాల్లో ముంగిస కుంచెలు పట్టుకుందని. ఆయన చదివి, నన్ను గ్లాసులోంచి తీశాడు. ఒక వెంట్రుక లాగి అగ్గిపుల్ల దగ్గర పెట్టాడు. ముడుచుకుని కమురు వాసన వేసింది. పక్కనున్న నైలాన్ కుంచె పోగు కరిగి చిన్న పూసయింది. భూతద్దంలో నా వెంట్రుక మీది ముదురు, లేత చారలు చాలాసేపు చూశాడు.

"ముంగిసను ముంగిసతోనే గీశానా?" అన్నాడు, ఖాళీ గదిలో, పైకే. పామును చంపి బిడ్డను కాపాడిన ముంగిసను, మూతి మీది నెత్తురు చూసి తొందరపడి చంపిన తల్లి కథ నాన్నమ్మ చెప్పేదిట. ఆ రాత్రి ఆయనకు నిద్ర లేదు.

కొన్నాళ్లకు పిల్లల డ్రాయింగ్ క్లాసుకు పిలిచారు. మాట్లాడక్కర్లేదు, గీసి చూపిస్తే చాలన్నారు. జేబులో నన్ను పెట్టుకుని వెళ్లాడు. బొమ్మ మొదలెట్టకుండా నన్ను పైకెత్తాడు. ఆయన చెయ్యి వణికింది, నేనూ వణికాను.

"ఇది... ముంగిస వెంట్రుకల కుంచె."

తర్వాత మాట తడబడుతూనే వచ్చింది. మన దేశంలో ఆరు రకాల ముంగిసలున్నాయనీ, పొలాల్లో ఎలకల్ని తింటాయనీ చెప్పాడు. వలేసి పట్టి కొట్టి చంపితే ఒక్కో దాన్నుంచి కుంచెకు పనికొచ్చే వెంట్రుకలు పదుల గ్రాములు మించవట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 2002లో ముంగిసకు రక్షణ పెంచారనీ, అమ్మినా కొన్నా నేరమేననీ, శిక్ష ఏడేళ్ల దాకా ఉండొచ్చనీ అన్నాడు. ఆ చివరి మాట అన్నప్పుడు నన్ను చూశాడు.

ముందు వరస కుర్రాడు లేచాడు. "అంకుల్, మరి మీరూ దీంతోనే గీసారు కదా?"

గది నిశ్శబ్దమైంది. ఇదివరకైతే స్తంభం వెతుక్కునేవాడు.

"గీసాను బాబూ. తెలీక కొన్నాను. అడగాల్సింది, అడగలేదు. మీరు కొనేటప్పుడు అడగండి."

ఆ రోజు మిగతా క్లాసంతా నైలాన్ కుంచెతోనే. అది నాలా నీరు పట్టదు. గీత మధ్యలో ఆగి మళ్లీ ముంచాల్సి వచ్చేది, ఆయన ముంచాడు.

మర్నాడు నన్ను కాగితంలో చుట్టి అటవీ శాఖ ఆఫీసుకు తీసుకెళ్లాడు. బల్ల వెనకాయన పొట్లం విప్పి, "ఏటండీ ఇది?" అన్నాడు. నన్ను కొన్నాయన చెయ్యి ఇంకా కొంచెం వణుకుతూనే ఉంది. అయినా కుర్చీ దగ్గరికి లాక్కుని, దుకాణంలో నన్ను కొన్న రోజు నుంచి చెప్పడం మొదలెట్టాడు.