పేరు గొప్ప, కోరు దిబ్బ

"ఐ5 అయితే చాలు, ఐ7 అయితే తిరుగులేదు." పదిహేనేళ్ల పాటు లాప్‌టాప్ కొనే నాన్నలందరికీ ఈ ఒక్క ముక్క వస్తే సరిపోయింది. 2008లో ఇంటెల్ తగిలించిన ఆ చిన్న 'ఐ' పుణ్యమా అని, ర్యామ్‌కీ రౌటర్‌కీ తేడా తెలియనివాడు కూడా కౌంటర్ దగ్గర దర్జాగా బేరమాడాడు. కొనేవాడికి ఇంత సుఖం పనికిరాదనిపించిందో ఏమో, 2023లో కంపెనీ ఆ 'ఐ'ని పీకి పారేసింది. ఇప్పుడు కోర్ 5 వేరు, కోర్ అల్ట్రా 5 వేరు. అంతకు కొద్దినెలల ముందే పెంటియం, సెలెరాన్‌లకు సెలవిచ్చేసి, ఆ స్థానంలోకి తెచ్చిన పేరేమిటయ్యా అంటే 'ఇంటెల్ ప్రాసెసర్'. ఘనంగా బారసాల చేసి పిల్లవాడికి 'పిల్లవాడు' అని పేరు పెట్టినట్టు.

నంబరు పెద్దదైతే సరుకు కొత్తదే కదా అనుకుంటాం. అనుకోవాలనే వాళ్ల కోరిక కూడా. 2025 జనవరిలో ఇంటెల్ ప్రకటించిన కోర్ 7 240హెచ్ మూత తీస్తే లోపలున్నది రాప్టర్ లేక్ అనే డిజైన్. లాప్‌టాప్‌లలోకి అది 2023లోనే వచ్చింది. అదే 200 వరుసలో అల్ట్రా ఉండి చివర 'వి' ఉంటే లూనర్ లేక్, 'హెచ్' ఉంటే యారో లేక్, 'యూ' ఉంటే మీటియర్ లేక్‌కే మెరుగుపెట్టిన సరుకు. ఇన్ని లేకుల మధ్య కొనేవాడు దారీతెన్నూ లేక నిలబడతాడు.

ఏఎమ్‌డీ తక్కువేం తినలేదు. 2022లో నాలుగంకెల పద్ధతి ఒకటి ప్రకటించి, దాన్ని ఎలా చదవాలో ఒక పటం కూడా గీసిచ్చింది. మొదటి అంకె ఏ ఏటిదో చెబుతుంది. అసలు గుట్టు మూడో అంకెలో ఉంది. రైజెన్ 5 7520యూలో ఆ అంకె 2, అంటే 2019 నాటి జెన్ 2 డిజైన్. రైజెన్ 5 7640యూలో 4, అంటే జెన్ 4. రెండూ రైజెన్ 5లే, రెండూ ఏడువేల వాళ్లే. మధ్యలో రెండు తరాల దూరం.

ఇది చూసి ఇంటెల్ గుండె తరుక్కుపోయింది. పాత సరుకును కొత్త పేరుతో అంటగడుతున్నారంటూ 2023 డిసెంబరులో ఏఎమ్‌డీ మీద స్లైడ్లు తయారుచేసి పెట్టింది, తర్వాత కిక్కురుమనకుండా తీసేసింది. 13వ తరం డెస్క్‌టాప్ చిప్పులకే కాస్త వేగం ఎక్కించి తనే 14వ తరమని అమ్మడం మొదలెట్టి అప్పటికి రెండు నెలలే. గురివింద సామెత ఊరికే పుట్టలేదు.

ఇక ఏఐ ముచ్చట. లాప్‌టాప్ మీద మైక్రోసాఫ్ట్ కోపైలట్ ప్లస్ ముద్ర పడాలంటే, అందులో ఏఐ పనులు చూసే ఎన్‌పీయూ సెకనుకు 40 లక్షల కోట్ల లెక్కలు చేయాలి (రాష్ట్ర బడ్జెట్ అంకెలు చదివి కళ్లు తిరిగినవారు క్షమించాలి). ఏఐ పీసీలని ఊదరగొట్టి దింపిన తొలి కోర్ అల్ట్రాల ఎన్‌పీయూలు అందులో మూడో వంతు కూడా చేయలేవు.

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ ముగిసిన వారం సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారులో ఏ కౌంటర్ దగ్గర నిలబడినా ఇదే వినిపిస్తుంది.

"బాబూ, ఐ7 చూపించు."

"ఐ7 ఆగిపోయింది సార్. ఇది కోర్ 7. లేటెస్టు."

"మరి అల్ట్రా అంటే?"

"అల్ట్రా అంటే ఇంకో పదిహేను వేలు సార్."

పక్కన కొడుకు ఫోన్‌లో ఇంటెల్ సైటు తెరిచి నంబరు కొట్టాడు. పెట్టె మీద ఎక్కడా లేని అసలు పేరు అక్కడ బయటపడింది. "నాన్నా, ఇది రాప్టర్ లేకే!"

నాన్న ముఖం వాడిపోయింది. సేల్స్ కుర్రాడు మాత్రం తొణకలేదు.

"అవును సార్, బాగా నడిచిన మోడల్. బ్యాగ్ ఫ్రీ."