రెండు రోజుల విశ్వమానవులు

విశ్వమానవుడు కావాలంటే పూర్వం ఇల్లూ వాకిలీ వదులుకుని అడవులు పట్టాల్సి వచ్చేది. ఇప్పుడంత శ్రమ లేదు. ఆగస్టు ఆఖరి సోమవారం గానీ, దానికి ముందురోజు గానీ లండన్‌లోని నాటింగ్ హిల్ కార్నివాల్‌కు వెళ్తే చాలు. కాగితం ప్లేటులో జెర్క్ చికెన్, చేతిలో రమ్ పంచ్, ఈకల కిరీటం పెట్టుకున్న అమ్మాయి పక్కన ఒక సెల్ఫీ. సాయంత్రానికల్లా సహనశీలి అన్న సర్టిఫికెట్ చేతికొచ్చేస్తుంది. గడువు మళ్లీ ఆగస్టు దాకా. రెన్యువల్‌కు మళ్లీ చికెనే.

ఏటా లక్షల మంది వచ్చే ఈ కార్నివాల్‌ను చూపించి, అన్ని జాతులూ కలిసి చిందులేసే మహానగరం మాది అని నాయకులు రొమ్ము విరుచుకుంటారు. అది పుట్టిన కథ మాత్రం ఎత్తరు. 1958 ఆగస్టు ఆఖరులో, ఈ పేటలోనే, తెల్ల కుర్రాళ్ల గుంపులు కర్రలూ సీసాలూ పట్టుకుని కరీబియన్ కుటుంబాల ఇళ్ల మీద పడ్డాయి. ట్రినిడాడ్‌లో పుట్టి, కమ్యూనిస్టు అన్న నేరానికి అమెరికా గెంటేస్తే లండన్ చేరిన పత్రికా సంపాదకురాలు క్లాడియా జోన్స్ దానికి జవాబుగా 1959 జనవరి 30న సెయింట్ పాంక్రాస్ టౌన్‌హాల్లో కార్నివాల్ జరిపింది. ఆ రోజు అమ్మిన సావనీర్ సొమ్ములో కొంత, అల్లర్ల కేసుల్లో జరిమానాలు పడ్డ కుర్రాళ్ల కోసం. నల్లవాళ్ల కోసమే కాదు, తెల్లవాళ్ల కోసం కూడా! నాలుగు నెలలు తిరక్కుండా కెల్సో కొక్రేన్ అనే వడ్రంగిని నాటింగ్ హిల్ వీధిలో పొడిచి చంపారు. ఆ హత్యకు నేటికీ ఎవరికీ శిక్ష పడలేదు. 1966లో పిల్లల కోసం పెట్టిన ఒక పండుగలో రస్సెల్ హెండర్సన్ స్టీల్ బ్యాండు రోడ్డెక్కింది. ఉత్సవం వీధికొచ్చింది.

ఆ బ్యాండు వాయించే స్టీల్ పాన్‌కూ ఒక చరిత్ర ఉంది. ట్రినిడాడ్‌లో 1880ల్లో దొరల ప్రభుత్వం డోళ్ల మీద నిషేధం పెట్టింది. జనం వెదురు బొంగులు వాయించారు, బిస్కెట్ డబ్బాలు వాయించారు, చివరికి చమురు పీపా అడుగును సుత్తితో కొట్టి కొట్టి స్వరాలు పలికించారు. డోళ్లు లాక్కున్నవాళ్ల రాజధానిలోనే ఇవాళ ఆ పీపా మోగుతోంది. వింటున్న పెద్దమనిషి, "పుట్టుకతోనే ఎంత హుషారండీ ఈ జనానికి!" అని మెచ్చుకుంటాడు.

ఊరేగింపు వెళ్లే వీధుల్లో ఇళ్లను చూడండి. అప్పట్లో ఒక్కో గదిలో ఒక్కో కరీబియన్ కుటుంబం కుక్కుకుని బతికిన ఇళ్లు, ఇప్పుడు లక్షల పౌండ్లు పలికే భవనాలు. పండుగకు ముందే వాటి కిటికీలకూ తలుపులకూ ప్లైవుడ్ చెక్కలు కొట్టేస్తారు. చాలామంది ఓనర్లు ఆ రెండు రోజులూ ఊళ్లోనే ఉండరు. ఉన్నవాళ్లలో కొందరు గుమ్మం ముందు అట్టముక్క వేలాడదీస్తారు: టాయిలెట్ కలదు, రేటు ఇన్ని పౌండ్లు. ఇలాంటి గుమ్మాల్లోనే ఒకప్పుడు నల్లవాళ్లకు గది అద్దెకివ్వబడదు అన్న బోర్డులుండేవి. ఇప్పుడు మరుగుదొడ్డి దాకా రానిస్తున్నారు. అరవై ఏళ్లలో ఇంత పురోగతి!

రోజుకు సుమారు 7,000 మంది పోలీసులు కాపలా కాస్తారు. మర్నాడు పేపర్లు ఎన్ని బ్యాండ్లు వాయించాయో రాయవు, ఎంతమంది అరెస్టయ్యారో రాస్తాయి. కత్తిపోట్లు జరగలేదనను. జరిగాయి, ప్రాణాలూ పోయాయి. కానీ నెలల తరబడి రాత్రుళ్లు కూర్చుని వేషాలకు పూసలు కుట్టిన చేతుల గురించి ఒక్క ముక్కా రాయకపోవడానికి అది సాకు కాదు.

ఈ సహనం అసలు సంగతి పండుగ మర్నాడు, మంగళవారం నుంచి తెలుస్తుంది. 1948లో ఎంపైర్ విండ్‌రష్ ఓడలోనూ, ఆ తర్వాతా వచ్చిన కరీబియన్లు లండన్ బస్సులు నడిపారు, ఆసుపత్రుల్లో రోగులకు సేవ చేశారు. చిన్నపిల్లలుగా వచ్చి అక్కడే ముసలివాళ్లయినవాళ్లను పట్టుకుని, అర్ధ శతాబ్దం తర్వాత, కాగితాలు చూపించమన్నారు. వాళ్లు దిగినప్పటి ల్యాండింగ్ కార్డులను 2010లో నాశనం చేసింది హోంశాఖే. కొందరి ఉద్యోగాలు ఊడాయి, కొందరికి వైద్యం అందలేదు, కొందరిని ఏకంగా దేశం దాటించారు. 2018లో గుట్టు రట్టయి హోంమంత్రి రాజీనామా చేయాల్సి వచ్చింది. ఆ ఏళ్లన్నిటా కార్నివాల్ దర్జాగా జరిగింది. భిన్నత్వమే మా బలమన్న ప్రకటనలూ దర్జాగా వెలువడ్డాయి.

మనవాళ్లేమీ తక్కువ తినలేదు. లండన్‌లో సాఫ్ట్‌వేర్ కొలువు చేసే తెలుగు తమ్ముడు ఈకల పక్కన ఫొటో దిగి, ప్రపంచమంతా ఒకే కుటుంబమని స్టేటస్ పెడతాడు. హైదరాబాద్‌లో అతగాడికో ఫ్లాటుంటే, గేటుకు వేలాడే టు-లెట్ బోర్డు మీద శాకాహారులకు మాత్రమే అని ఉంటుంది. కులం అడగడానికి మొహమాటమేసి కూర అడుగుతాం మనం. ఇంటి కోసం ఆఫ్రికా విద్యార్థి వస్తే, ఇప్పుడే ఎవరికో ఇచ్చేశామంటాం. బోర్డు మాత్రం గేటుకు అలాగే ఉంటుంది.

తప్పు కార్నివాల్‌ది కాదు. తన్ని తరిమినా చోటు ఖాళీ చేసేది లేదని మొండికేసిన మనుషుల పండుగ అది. దాన్ని తమ ఉదారత్వానికి రుజువుగా వాడుకునేవాళ్లతోనే పేచీ. కాబట్టి వెళ్లండి, కడుపునిండా తినండి, కాళ్లు నొప్పెట్టేదాకా ఆడండి. సర్టిఫికెట్ మాత్రం అక్కడ తీసుకోకండి. ఇంటికొచ్చాక మీ టు-లెట్ బోర్డు మీద రెండో లైను చెరిపేసి, మొదట తలుపు తట్టినవాడికి తాళం చెవి ఇవ్వండి. అప్పుడు తీసుకోండి.