ఋ అంటే తాత

చండ్రుగొండలో ఏ ఫ్యాన్సీ కొట్టుకైనా వెళ్లి మెరుపు కాగితం ఉందా అని అడిగి చూడండి. కొట్టతను మిమ్మల్ని ఎగాదిగా చూసి, "నిన్ననే అయిపోయింది, బుడ్డోడి వాళ్లమ్మ పట్టుకుపోయింది" అంటాడు. ఏ బుడ్డోడని అడగక్కర్లేదు. ఊళ్లో బుడ్డోళ్లు చాలామందే ఉన్నారుగానీ, చదువు నిమిత్తం జిగురులో మునిగి తేలుతున్నవాడు ఒక్కడే.

ఇలాంటి తల్లి ఇప్పుడు ప్రతి మండల కేంద్రంలోనూ కనీసం ఒకతె ఉంటుంది. డిగ్రీ చదివి ఉంటుంది. డీఎస్సీ రాసి ఉంటుంది. కొడుక్కి మూడేళ్లు నిండిన రాత్రి ఫోన్‌లో ఒక వీడియో చూసి ఉంటుంది. ఆ రాత్రి నుంచి ఆ ఇంట్లో ఏ వస్తువూ తన సొంత పనిమీద ఉండదు. అట్టపెట్టె ఇల్లయిపోయి ఇ కిందికి వెళ్తుంది. అత్తగారి పాత చీర ఊయలై ఊ కిందికి వెళ్తుంది. సీసా మూతలన్నీ కలిసి ఈగలవుతాయి. మొగుడు బజారుకు వెళ్లేవాడవుతాడు.

మా ఊళ్లో ఆ తల్లి మా పక్కింటావిడ, నాకు వరసకు వదిన. ఆవిడ దగ్గర ఈ విద్య దోసెతో మొదలైంది. అక్షరాలు తినిపిస్తే ఒంటబడతాయని ఎక్కడో చూసి, పెనం మీద పిండితో అ పోసింది. చక్కగా వచ్చింది. తిరగేసింది. తిరగేశాక అది అ కాదు, అద్దంలో అ. రెండో వైపు కాలని దోసె మనవడికి పెట్టడానికి అత్తమ్మ ఒప్పుకోదు. సరే, మర్నాడు పెనం మీదే తిరగబడ్డ అ పోసింది. తిప్పగానే అసలైన అ అయింది. దాన్ని పళ్లెంలోకి బోర్లా వేసేసరికి మళ్లీ మొదటికొచ్చింది. ఆ వారం గడిచేసరికి వదినకు అచ్చులన్నీ అద్దంలో రాయడం వచ్చేసింది. బుడ్డోడు మాత్రం ఏ అక్షరాన్నయినా తల దగ్గర అందుకుని తోక దాకా తినేసేవాడు. "మింగితే చదువొచ్చేటట్టయితే మా వాడికి ఈపాటికి కలెక్టరు ఉద్యోగం రావాల" అని అత్తమ్మ తన కొడుకు పొట్టవంక చూసింది.

తర్వాత ఇసక వచ్చింది. ఆన్‌లైన్‌లో. ఓ కొయ్య పళ్లెం, అందులో చారెడు నీలం ఇసక, చదును చేసుకోవడానికి బుల్లి చెక్క. బిల్లు చూశాక అన్నకు ట్రాక్టరు వాగు ఇసక ధర గుర్తొచ్చి కాసేపు మాట పడిపోయింది. నిజానికి ఈ ఇసక చాలా దూరం తిరిగొచ్చింది. ఆండ్రూ బెల్ అనే పాదిరీ మద్రాసులో వీధిబడి పిల్లలు ఇసకలో వేలితో దిద్దుకోవడం చూశాడు. తాను చూసుకునే అనాథల బడిలోనూ అదే పెట్టించి, 1797లో లండన్‌లో ఆ ముచ్చటంతా పుస్తకం వేస్తే, మద్రాసు పద్ధతి అని ఇంగ్లండు దాన్ని నెత్తిన పెట్టుకుంది. 1907లో రోములో పిల్లల ఇల్లు తెరిచిన మరియా మాంటిస్సోరి గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాల మీద పిల్లల వేళ్లు తిప్పించింది. ఆవిడే 1939లో మద్రాసు వచ్చి, యుద్ధం ముంచుకొచ్చి ఇక్కడే చిక్కుకుని, మన టీచర్లకు ఆ విద్య నేర్పింది. వదినకు ఇదంతా కంఠతా వచ్చు. అత్తమ్మకు ఓ మధ్యాహ్నం వివరంగా చెప్పింది కూడా. అత్తమ్మ చిక్కుడుకాయలు ఈనె తీస్తూ అంతా విని, "అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో బియ్యం పోసి దిద్దించాం గదా అమ్మాయ్. ఆ బియ్యం వండుకు తిన్నాం. ఇది వండుకోనీకి కూడా రాదు" అంది.

ఋ దగ్గర కథ అడ్డం తిరిగింది. అమ్మ ఉంది, ఆవు వీధిలో ఉంది, ఈగలు కావలసినన్ని. ఋషి చండ్రుగొండలో దొరకడు. కనకగిరి గుట్టలెక్కి వెతుకుదామంటే, దారిలో ఎలుగుబంటి ఎదురై ముందుగా ఎ నేర్చుకోవాల్సి రావచ్చు. అందుకని వదిన కళ్లు మామయ్య మీద పడ్డాయి. సింగరేణి భూగర్భ గనిలో పనిచేసి రిటైరైన మనిషి. పైకప్పు పెళపెళమన్నా చెదరని గుండె. కోడలు జిగురు సీసా పట్టుకుని వస్తుంటే మాత్రం పెరటి తలుపు వైపు చూస్తాడు. ఆ రోజు పెరటి తలుపు గడియపెట్టి ఉంది. బూరుగుదూదితో గడ్డం, తువ్వాలుతో ఉత్తరీయం, చేతిలో స్టీలు చెంబు. బుడ్డోడు చప్పట్లు కొట్టాడు, ఫోటోలు తీశారు, అంతా బాగుంది. గడ్డం ఒక్కటే ఊడలేదు. అదే పూట పింఛను కోసం బతికున్నట్టు ఫోన్‌కు మొహం చూపించాల్సి వచ్చింది. ఫోన్ ఒప్పుకోలేదు. కొబ్బరినూనె పట్టించి, నానబెట్టి, గోకి, సాయంత్రానికి ఆయన్ని మళ్లీ బతికించుకున్నారు.

హల్లులకొచ్చేసరికి అత్తాకోడళ్ల మధ్య సరిహద్దు తగాదా. ఖడ్గం పిల్లాడికెందుకు, ఖ అంటే ఖమ్మం అని రాయమంది అత్తమ్మ. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడదీశాక మనది భద్రాద్రి కొత్తగూడెం కాబట్టి భ భద్రాద్రి, క కొత్తగూడెం, ఖతో మనకిక సంబంధం లేదంది వదిన. "జిల్లా పోతే అక్షరం కూడా పోతదా?" అని అత్తమ్మ అడిగిన ప్రశ్నకు ఏ కలెక్టరాఫీసులోనూ జవాబు లేదు. త దగ్గర మాత్రం ఇద్దరికీ కలిసింది. తబలా ఎవరింట్లో ఉంది, ఎండాకాలం వస్తే చుట్టూ తునికాకే గదా అని అత్తమ్మ అంటే, వదిన వెంటనే అసలు ఆకే తెచ్చి అట్టమీద అంటించింది. ఇదిగో, ఇలాంటి చోట ఆవిణ్ని మెచ్చుకోవాలి. పిల్లాడు రోజూ చూసే ఆకు వాడి అక్షరం పక్కకొచ్చింది. రెండ్రోజులకు అట్టమీద ఆకు కనబడలేదు. మామయ్య నోట్లో బీడీ కనబడింది.

ఇంతకీ బుడ్డోడికి ఏమొచ్చింది? ఫెవికాల్‌కూ గమ్ముకూ తేడా వచ్చు. కత్తెర పట్టడం వచ్చు, నాయనమ్మ పట్టుచీర అంచే సాక్ష్యం. ఋ చూపిస్తే "తాత" అంటాడు. తాతను చూపించి ఎవర్రా అంటే "ఋ" అంటాడు. అంగన్వాడీలో టీచరు గ పక్కన గంట బొమ్మ చూపిస్తే వీడు గుడ్డు అన్నాడట. మధ్యాహ్నం గుడ్డు పెట్టే చోట గంట ఎవడికి కావాలి, నేను వాడి పక్షమే.

వదినతో నా పేచీ వేరే. పిల్లాడు అంటించిన కోడిపుంజు తోక వంకరగా ఉందని, వాడు పడుకున్నాక దాన్ని పీకి మళ్లీ తిన్నగా అంటిస్తుంది. రాత్రి పదకొండింటికి ఆ ఇంట్లో లైటు వెలుగుతుంటే చదువుకుంటున్నదెవరో వీధికంతా తెలుసు. పొద్దున్న లేచి తన కోడికి కొత్త తోక వచ్చినందుకు వాడు బిక్కమొహం వేస్తాడు. మూడేళ్లవాడి చేతికి కాగితం చింపడం, మట్టి పిసకడం, వంకరగా అంటించడమే చదువు. వంకర తీసేస్తే వాడికి మిగిలేది జిగురే. ఈ మాట ఆవిడతో అన్నాను కూడా. "నేను అఆలు నేర్చుకున్నప్పుడు తప్పు రాస్తే గోడకుర్చీ వేయించేవాళ్లు. రంగు కాగితం ముక్క ఒక్కటి చేతికివ్వలేదు" అని చెప్పి, కత్తెర తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. నేనిక రెట్టించలేదు. పెన్సిలు పట్టడం రాని చేత్తో పేజీలకు పేజీలు అ దిద్దించి ఇంటికి పంపే నర్సరీలతో పోలిస్తే, రాత్రిపూట ఒక తోక తిన్నగా చేసుకునే తల్లి వెయ్యి రెట్లు నయం.

ఇప్పుడు గోడమీద అన్ని అక్షరాలూ వెలిశాయి. ణకు వీణ, ళకు తాళం అని సర్దింది. ఞ జ్ఞానంలో వత్తుగా దొరికింది. ఙ ఒక్కటే ఖాళీ. వాఙ్మయం ఉంది గదా అని ఎవరో పెద్దమనిషి నోరు జారాడు. వాఙ్మయానికి బొమ్మ ఎట్లా అని వదిన రెండ్రోజులు ఆలోచించింది. పుస్తకాల దొంతర, దాని పక్కన ఒక మహాకవి, మహాకవికి గడ్డం అని తేల్చింది. కాబట్టి ఙ ఉండి, గడ్డం లేకుండా బొమ్మ గీయగలిగిన మాట మీలో ఎవరికైనా తెలిస్తే దయచేసి వెంటనే చండ్రుగొండకు కబురు పంపండి. మామయ్యకు దవడల మంట ఇంకా తగ్గలేదు.